జాబితాలో చివరి పేరు

ఆ వారమంతా డాక్టర్ హైమకు కాళ్లు నేల మీద ఆనలేదు. గుండె నీరసించి వార్డులో చేరినవాళ్లకు మూడు రక్తపరీక్షలు చేయించి, ఆ అంకెల్ని బట్టి ఎవరు ఆర్నెల్లు దాటతారో ఎవరు దాటరో ముందే చెప్పగలుగుతోంది. పాత రోగుల కాగితాలతో సరిచూస్తే పదింట ఎనిమిది సరిపోయాయి.

ఆమెకున్న బాధల్లా టైం చాలకపోవడమే. అందుకని ఆశ ఉన్నవాళ్లను పైన, లేనివాళ్లను కింద వరసగా రాసి, తనకు పని నేర్పుతున్న పెద్ద డాక్టరు జమాలుద్దీన్ గారి ముందు పెట్టింది. ఇకమీదట రౌండ్లు ఈ వరసలో వెళదామా సార్ అని అడిగింది.

ఆయన శ్రద్ధగా చదివి, బాగా చేశావన్నారు. తర్వాత కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకున్నారు.

"పదమ్మా, ఇక్కణ్నుంచి మొదలుపెడదాం."

చివరి పేరు సుంకన్నది. బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే మనిషి. అందరికంటే అధ్వానం అతని అంకెలు. ఎన్ని మందులు వేసినా కాళ్ల వాపు దిగడం లేదు. ఆ మంచం దగ్గర హైమ నిలబడి నాలుగు రోజులైంది.

జమాలుద్దీన్ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. వాచిన కాళ్లు నొక్కి చూశారు. ఈ చప్పిడి కూడు గొంతు దిగుతోందా అని అడిగారు. సుంకన్న భార్య వైపు చూశాడు. ఈరమ్మ కాసేపు నసిగి, మంచం కింది సంచిలోంచి డబ్బా తీసింది. చింతకాయ తొక్కు. సగం అయిపోయింది.

ఉప్పు తగలకూడదని చేరిన రోజే చెప్పాను కదా అని హైమ కోప్పడింది. ఈరమ్మ ఆమెకేసి తిరిగింది.

"మీరే కదా మేడం చెప్తిరి, ఆర్నెల్లు గూడా కష్టమేనని. పొయ్యేవానికి నోరు కట్టేసేదెందుకని నేనే తెస్తి."

హైమకు తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజుల కిందట, నడుస్తూ నడుస్తూ వరండాలో చెప్పిన మాట అది.

జమాలుద్దీన్ గారు లేచి, స్టూలు హైమ వైపు జరిపి, పక్క మంచానికి వెళ్లిపోయారు.

హైమ కూర్చుంది. తొందరపడి చెప్పానని ఈరమ్మతో ఒప్పుకుంది. ఆ డబ్బా ఇంటికి పంపించమని బతిమాలింది. ఆ రోజు నుంచి పొద్దున్నే మొదట ఆ స్టూలు మీదే కూర్చునేది.

తొమ్మిదో రోజుకు వాపు దిగింది. రెండు నెలలుగా కూర్చునే కునుకు తీసిన సుంకన్న వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. మళ్లీ చేయించిన పరీక్షలో గుండె నీరసం చూపే అంకె సగానికి సగం పడిపోయింది. ఆ రిపోర్టు పట్టుకుని హైమ వరండాలో నిలబడి హాయిగా ఏడ్చేసింది. ఇంటికి పోయినాక నాలిక్కింత తొక్కు రాయొచ్చునా అని ఈరమ్మ అడిగితే, వద్దంటే వద్దని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు కొత్త జాబితా రాసి తెచ్చింది. జమాలుద్దీన్ గారు కళ్లజోడు సవరించుకుని మొదటి పేరు చూశారు, పక్కనున్న అంకె చూశారు. వార్డులో అందరికంటే అధ్వానమైన అంకె అదే.

ఈసారి కాగితం తిప్పలేదు.