నీలం బెంచీ, ఎర్ర పేరు

మా ఊళ్ళో నాకు పేరు లేదు.

పెట్టడం పెట్టారు. పరంధామం అని మా తాత ఏరికోరి పెట్టాడు. కానీ మా ఆవిడ సులోచన ఈ వెలగదిన్నె ఆసుపత్రిలోనే నర్సు. ఊళ్ళో సగం మంది ఆమె చేతిలో పుట్టారు, మిగతా సగం ఆమె చేత సూది వేయించుకున్నారు. అంచేత నేను 'నర్సమ్మ గారి ఆయన'ని. ఒకసారి పోస్టు తెచ్చే మనిషి నా పేరున్న కవరు నాకే చూపించి, "ఈ పరంధామం ఎవరో మీకేమైనా తెలుసాండీ?" అని అడిగాడు. "నేనే" అన్నాను. కవరు ఇచ్చాడు గానీ, నమ్మినట్టు లేదు.

నేను రిటైరైన రోజున దండ వేసినవాళ్ళు కూడా, వేస్తూ వేస్తూ, "నర్సమ్మగారు రాలేదాండీ?" అని నా భుజం మీదుగా వెనక్కి చూశారు.

రిటైరయ్యాక చేతులూరుకోక స్ప్రే రంగు డబ్బాలు పట్టాను. హార్డువేరు షాపులో అన్నిటికన్నా కింది అరలో ఉండే చవక రకం. ఊపితే లోపల గోళీ గలగలలాడుతుంది, నొక్కితే బుస్సుమంటుంది. నేర్పినవాళ్ళెవరూ లేరు. ఫోన్లో వీడియోలు చూశాను. అవి నాకు రాని భాషలో ఉండేవి కనక, వాళ్ళు చేసింది చూశాను గానీ చెప్పింది వదిలేశాను. గాలి ఎటు వీస్తోందో చూసుకోమని చెప్పే ఉంటారు. నేను పూలకుండీకి బంగారు రంగు వేసిన రోజున పక్కింటి దూడకు ఒక చెవి బంగారమైంది.

మెల్లిగా చెయ్యి తిరిగింది. ఇంట్లో తుప్పు పట్టినవీ, వెలిసిపోయినవీ ఒక్కొక్కటే మెరవడం మొదలెట్టాయి. మా ఆవిడ మాత్రం నేను డబ్బా ఊపుతుంటే ఒకచోట నిలబడేది కాదు. నిలబడితే తనకీ ఒక పూత వేస్తానని ఆమె భయం.

చూసినవాళ్ళు మెచ్చుకోకపోలేదు. "నర్సమ్మగారింట్లో కుర్చీలు భలే ఉన్నాయి" అన్నారు.

ఈ దిగులుతోనే నేను నారపయ్య స్వామి దగ్గర చేరాను.

ఊరి చివర, బస్సులు ఆగేచోట, ఒక రేకుల షెడ్డు ఆయన ఆశ్రమం. స్వామి అంటే కాషాయం, గడ్డం ఏమీ ఉండవు. తెల్ల జుబ్బా, భుజాన తువ్వాలు. పెళ్ళాం పిల్లలున్న మనిషి. సాయంత్రాలు తత్వాలు పాడతాడు. మధ్యలో దగ్గితే అదీ తత్వంలో భాగమేననుకుని మేం తలలూపుతాం. అంతకుమించి చెప్పేది తక్కువ.

వెళ్ళిన మొదటిరోజు, "ఎవరు నాయనా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా వెనకనించి కూరగాయలమ్మే మంగతాయి, "మన నర్సమ్మగారి ఆయన సామీ" అంది.

"మంచిది" అన్నాడు స్వామి. అక్కడా నా పేరు అంతటితో సరి.

కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒకనాడు ఎవరూ లేకుండా చూసి అడిగాను. "స్వామీ, మనిషి పుట్టాక ఎక్కడో ఒకచోట అతని పేరు నిలవాలి కదా?"

ఆయన నా వంక చూశాడు. తర్వాత ఆశ్రమం ముందున్న ఇనప బెంచీ వంక చూశాడు.

"ఆ బెంచీ సంగతి చూడగలవా?" అన్నాడు.

బస్సు కోసం ఆగేవాళ్ళకని ఎవరు వేయించారో, ఎప్పుడు వేయించారో ఎవరికీ తెలియని బెంచీ అది. నిలువునా తుప్పు. కూర్చుని లేస్తే బట్టలకు ఎర్రటి మరక. ఆసుపత్రికి వచ్చిపోయే పైఊళ్ళవాళ్ళు ఒక వేలితో దాన్ని ముట్టుకుని, ఆ వేలు చూసుకుని, పక్కనే ఎండలో నిలబడేవాళ్ళు. కాళ్ళు లాగే ముసలమ్మలైతే బెంచీని ఆనుకోకుండా నేలమీద కూర్చునేవాళ్ళు.

నా ప్రశ్నకు ఇంత తొందరగా జవాబు దొరుకుతుందని నేననుకోలేదు. మర్నాడే డబ్బాలు కొన్నాను.

ఆ బెంచీకి చేసినంత పద్ధతిగా నేను పెళ్ళి కూడా చేసుకోలేదు. ఉప్పుకాగితం పెట్టి చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాను. తడిగుడ్డతో తుడిచి, ఆరాక అడుగుపూత వేశాను. గాలి పడిపోయేదాకా కూర్చుని, అప్పుడు నీలం డబ్బా అందుకున్నాను. చవక డబ్బాలో రంగు చవకే గానీ ఓపిక మనం పెట్టుకోవాలి. జానెడు దూరంలో పట్టుకోవాలి, చెయ్యి ఆగకూడదు, ఒక్కసారే కమ్మేయాలని చూడకూడదు. మంచు పట్టినట్టు పలచగా ఒక పూత. అది ఆరాక మళ్ళీ పలచగా ఇంకోటి. ఆత్రపడి దట్టంగా కొడితే కన్నీళ్ళలా కారుతుంది, పైన ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. అడిగితే ఎవరికైనా చెప్తాను. అడక్కపోయినా చెప్తాను.

మరుసటి పొద్దుటికి బెంచీ తేటపడ్డ ఆకాశంలా ఉంది. అంతటితో ఇంటికి పోవచ్చు. కానీ నా సంచిలో ఒక ఎర్ర డబ్బా, ఒక అట్టముక్క ఉన్నాయి.

ఇందులో నా తప్పు కొంతే. మన దగ్గర గుడికి ఫ్యాను ఇచ్చినవాళ్ళు రెక్కమీద పేరు రాయిస్తారు. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనబడదు కనక, ఇచ్చినవాళ్ళు దర్శనానికి వచ్చినప్పుడు పూజారి దాన్ని కాసేపు ఆపుతాడు. మేమంతా చెమటలు కక్కుతూ ఆ పేరు చదువుతాం. ఫ్యానుకే అంత ఉంటే, కదలకుండా పడుండే బెంచీకి ఎంత ఉండాలి?

అట్ట ఒక పెళ్ళి శుభలేఖ. మందంగా ఉందని ఎంచాను. దానిమీద 'శ్రీమతి సులోచన నర్సు గారికి' అని ఉంది. దాన్ని తిరగేసి, వెనక నా పేరు రాసి, బ్లేడుతో కోశాను. మన అక్షరాల్లో గుండ్రాలెన్నో కోస్తేనే తెలుస్తుంది. నా పేరులో రెండు సున్నాలు. చుట్టూ కోయగానే రెండింటి నడిమి ముక్కలూ ఊడి ఒళ్ళో పడ్డాయి. సున్నాలుండాల్సిన చోట రెండు చిల్లులు మిగిలాయి. పోనీలే, పేరు తెలుస్తుంది కదా అనుకున్నాను.

వీపు ఆనే పలక నడుమ అట్ట పెట్టి ఎర్రరంగు కొట్టాను. పలచగా వేశాను. కనిపించలేదేమో అనిపించింది. ఇంకాస్త కొట్టాను. రోడ్డుకవతల నించి కూడా కనపడాలి కదా. ఇంకాస్త. అట్ట తీసేసరికి 'పరంధామం' ఎర్రగా, లావుగా, తడితడిగా మెరుస్తోంది. సున్నాలు రెండూ పెద్ద బొట్లలా ఉన్నాయి.

అప్పుడే స్వామి స్నానం చేసి, ఉతికిన జుబ్బా వేసుకుని బయటికొచ్చాడు. బెంచీని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు. పేరు దగ్గర ఆగాడు.

"బాగా చేశావు నాయనా" అన్నాడు.

"ఇంకా ఆరలే..." నా మాట పూర్తి కాకముందే ఆయన కూర్చున్నాడు. కూర్చుని ఊరుకోలేదు, వెనక్కి వాలాడు. కళ్ళు మూసుకుని, వీపు నొప్పి ఉన్నవాళ్ళు రుద్దుకున్నట్టు ఒకసారి బాగా ఆనుకున్నాడు. తర్వాత లేచాడు.

తెల్ల జుబ్బా వీపు నిండా నా పేరు. వెనక్కి తిరిగి, అద్దంలో చూసినట్టు.

"స్వామీ, విప్పి ఇవ్వండి. థిన్నరు పెట్టి తుడిచేస్తాను."

"తుడవడమెందుకు? కష్టపడి వేశావు. పద, టీ తాగొద్దాం."

బజారంతా ఆయన ముందు, నేను వెనక. అంత దగ్గరగా నా పేరును నేనెప్పుడూ అనుసరించలేదు.

సుభానీ టీ కొట్టు దగ్గర స్వామి వీధికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"వీపున అదేంది సామీ?" అన్నాడు సుభానీ.

"నా వీపు నాకెట్లా కనపడుతుందయ్యా? నువ్వే చదివి చెప్పు."

సుభానీ గ్లాసు దించి, వచ్చి, తల ఒకపక్కకు వాల్చి చూశాడు. "తెలుగైతే కాదు సామీ."

"కన్నడం" అన్నాడు ఆటో తోలే కొండలు, బిస్కెట్టు ముంచుకుంటూ. "బళ్ళారి లారీల మీద ఇట్టాగే ఉంటది."

"కన్నడానికి ఈ తోకలు ఉండవులే."

"అయితే మీ అరబ్బీ ఏమో చూడు."

"అరబ్బీ కాదు."

"నీకు అరబ్బీ చదవను వచ్చా?"

"రాదు. అయినా చూస్తే తెలుస్తది."

ఈలోగా మంగతాయి వచ్చి తట్ట దించింది. "మీకేం తెలుస్తదయ్యా? ఆ రెండు ఎర్రబొట్లు చూడలా? బీజాక్షరాలు. సామి వీపున వాటంతటవే లేచినయ్." చేతులు కొంగుకు తుడుచుకుని, నా పేరును రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుంది. వేలికి ఎరుపు అంటింది. అది నుదుట పెట్టుకుంది.

నా జీవితంలో మొదటిసారి ఊరు నా పేరు చుట్టూ మూగింది. వెనకవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీదుగా చూస్తున్నారు. ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది.

స్వామి నా వైపు తిరిగాడు. "ఏమయ్యా నర్సమ్మగారి ఆయనా, చదువుకున్నవాడివి. ఇదేంటో నీకేమైనా తెలుసా?"

అందరూ నన్ను చూశారు. మంగతాయి నుదుట రంగు ఇంకా తడిగానే ఉంది.

"తెలీదు స్వామీ" అన్నాను.

ఆయన టీ ఊదుకుంటూ తాగాడు.

తిరిగొచ్చేసరికి ఆశ్రమం ముందు బస్సు కోసం నలుగురైదుగురు ఉన్నారు. పలక మీద నా పేరు పాకి, చెదిరి, నీలమంతా ఎర్రెర్రగా అయి ఉంది. ఎవరో అప్పటికే వేలితో ముట్టుకుని చూసినట్టున్నారు. ఒక గర్భిణీ స్త్రీ బెంచీ పక్కనే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"మొన్నటిదాకా తుప్పు అంటుకునేది. ఇవాళ పేరు అంటుకుంటోంది" అన్నాడు స్వామి మెల్లిగా. "ఆ అమ్మ నిలబడే ఉంది చూడు."

ఆయన లోపలికి పోయి ఒక చాప తెచ్చి, షెడ్డు నీడలో ఆమె కోసం పరిచాడు. నన్ను ఇంకేమీ అనలేదు. అనుంటే బావుండేది, తిరిగి నేనూ ఏదైనా అనేవాణ్ణి.

నేను ఉప్పుకాగితం తీశాను. పేరు వేసినంత తేలిగ్గా పోలేదు. దట్టంగా కొట్టిన చోట సాగుతూ, ఉండలు కడుతూ, వేళ్ళకు అంటుతూ పోయింది. పోయాక మళ్ళీ నీలం అందుకున్నాను. పలచగా ఒక పూత. ఆరేదాకా పక్కన కూర్చున్నాను. ఎవరైనా దగ్గరికొస్తే, "ఇంకా ఆరలేదమ్మా, ఆ చాప మీద కూర్చోండి" అని చెప్పాను. మళ్ళీ ఒక పూత. వేరే పని లేదు కనక ఆరోజు నీలం ఎట్లా ఆరుతుందో చూశాను. ముందు మెరుపు పోతుంది. ఆ తర్వాత, చాలాసేపటి తర్వాత, రంగు ఇనుముకి సొంతమవుతుంది. శుభలేఖ అట్ట మీద డబ్బా పెట్టుకున్నాను, కింద మరక పడకుండా. ఆ అట్టకు అది మంచి ఉపయోగమే.

మర్నాడు మధ్యాహ్నం నేనూ స్వామీ షెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఆయన అదే జుబ్బా వేసుకున్నాడు. ఉతికినా పూర్తిగా పోలేదు, వీపున గులాబి రంగు నీడ మిగిలింది.

ఆసుపత్రి వైపు నించి ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో మందుల సంచి, మోకాలికి కట్టు. మా ఊరి మనిషి కాదు. బెంచీ దగ్గర ఆగి, అలవాటుగా వేలితో ముట్టుకుంది. వేలు చూసుకుంది. నమ్మకం కలగక కొంగు అంచుతో గట్టిగా రుద్ది, కొంగు చూసుకుంది. ఏమీ లేదు.

కూర్చుంది. మెల్లిగా వెనక్కి వాలింది. కట్టున్న కాలు చాపుకుంది. ఎవరితోనూ కాదు, గాలితో అన్నట్టు అంది:

"ఎవరు బాగుచేశారో గానీ, ఆ తండ్రి చల్లగా ఉండాలి."

నేను కదల్లేదు. స్వామి మోచేత్తో నన్ను పొడిచాడు.

"పరంధామం" అన్నాడు. "నిన్నే పిలుస్తోంది. పలకవేం?"