తవిటయ్య అడుగు

ఆ కొండ కింది యూనివర్సిటీకి ఇంకా ప్రహరీ గోడ లేని రోజుల సంగతి ఇది. ఏ సంవత్సరమని నన్ను అడగొద్దు. నాకు చెప్పినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అక్కడ తవిటయ్య అనే మార్కరు ఉండేవాడు. మార్కరంటే ఏదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. మైదానంలో సున్నంతో గీతలు గీసే మనిషి, అంతే. గీతలన్నీ తిన్నగా గీసేవాడు, ఒక్క చోట తప్ప. పరుగుల బాట ఉత్తరాన తిరిగే మలుపులో, లోపలి గీతను బారెడు బయటికి వంచేవాడు.

మొదటి ఏడు పోటీలకు మూడు కాలేజీల వాళ్లు వచ్చారు. గీత చూసి, "గీసినవాడు కల్లు తాగి గీశాడా?" అని నవ్వారు. ఆటల మాస్టారు వెంకటరత్నం గారికి తల కొట్టేసినట్టయింది. ఆయనది కృష్ణా జిల్లా, కొత్తగా వచ్చారు.

"ఏమయ్యా, ఈ వంకరేంటి?"

"అక్కడ గుంటుంది బాబూ."

"గుంటుంటే పూడ్చవయ్యా."

తట్టెడు గ్రావెల్ పోయించారు.

మాట తేడా అక్కడే వచ్చింది. వెంకటరత్నం గారి వైపు గుంట అంటే గొయ్యి. తవిటయ్య వైపు గుంట అంటే ఆడపిల్ల. మైదానం లేని కాలంలో అక్కడ నేలబావి ఉండేది. తవిటయ్య చెల్లెలు, ఆరేళ్ల గుంట, అందులో పడింది. "అన్నా" అని మూడుసార్లు పిలిచింది. తవిటయ్య కూడా అప్పటికి చిన్నవాడే. చెయ్యి అందివ్వడానికి భయపడ్డాడు. రాయి చాటున నక్కి చెవులు మూసుకున్నాడు. పిల్ల దొరకలేదు. పెద్దవాళ్లు బావి నిండా ముళ్లకంప కుక్కి, పైన మట్టి కప్పేశారు. ఈ సంగతి తవిటయ్య యూనివర్సిటీలో ఎవరికీ చెప్పలేదు.

రెండో ఏటికి తట్టెడు గ్రావెల్ ఏమైందో తెలియదు. నేల మళ్లీ కుంగింది. గీత మళ్లీ వంగింది. వచ్చినవాళ్లు మళ్లీ నవ్వారు.

"అక్కడ గుంటుంది బాబూ."

"గుంటుంటే పూడ్చవయ్యా."

బండెడు గ్రావెల్ పోయించారు.

మూడో ఏటికి బండెడూ పోయింది. ఈసారి తవిటయ్య ఆ మలుపులో సున్నం చల్లుతుంటే అరికాళ్ల కింద నేల గుబ్బుమంది. ఎవరో లోపలినుంచి తట్టినట్టే ఉంది. డబ్బా అక్కడే పారేసి మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కడ గుంటుంది బాబూ."

"మూడేళ్లుగా ఇదే పాట. ఈసారి లారీడు పోయిస్తాను, ఇంకెక్కడి గుంట? పోశాక నేనే తాడు పట్టుకుంటాను. తిన్నగా గియ్యి."

లారీడూ పోశాక తవిటయ్య గీశాడు. గీత తిన్నగానే వచ్చింది గానీ, అడుగుకోసారి ఆగి గీసేసరికి సున్నం చుక్కలు చుక్కలుగా పడింది. ఆ తర్వాత మూడు రోజులు వాన.

పోటీ రోజున ఆడపిల్లల రిలే. ఆఖరి చుట్టు ఆ వైపు పిల్ల పైడితల్లిది. అందరికంటే ముందుంది, దగ్గర దారని లోపలి గీతను పట్టుకుని వస్తోంది. జనం ఒకటే కేకలు. ఆ కేకల్లో తవిటయ్యకు ఒక్కటే కనబడింది. మలుపులో చుక్కల గీత మధ్య నేల నోరు తెరుస్తోంది.

చెవులు మూసుకోబోయాడు. చేతులు చెవుల దాకా వెళ్లాయి కూడా. అక్కడినుంచి దించేసి పరుగు తీశాడు.

"ఇటేపు రాకండే గుంటల్లారా!"

కుంగుతున్న చోటే నిలబడి రెండు చేతులూ చాచాడు. పైడితల్లి ఒక్క అడుగు పక్కకు వేసింది. వెనకవాళ్లూ వేశారు. తవిటయ్య కింద నేల దిగిపోయింది.

పైడితల్లి పరుగు ఆపి వెనక్కి వచ్చింది. బోర్లా పడుకుని చెయ్యి చాచింది. "నా చెయ్యి అందుకో తాతా."

"ఒద్దే, నువ్వు కూడా పడిపోతావు. నా చెల్లి ఇక్కడే ఉంది. దానికాడికే ఎల్తన్నాను," అన్నాడు. తర్వాత మట్టి జారిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

వెంకటరత్నం గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "గుంటుందన్నాడు. మూడుసార్లూ పూడ్చమన్నాను."

"మావేపు గుంటంటే ఆడపిల్ల సార్," అంది పైడితల్లి. మిగతాది ఊరి ముసలివాళ్లు చెప్పారు. ఆయన సున్నంలోనే కూలబడి ఏడ్చారు. మర్నాడు డబ్బా తీసుకుని ఆ మలుపులో గీతను తన చేత్తోనే వంచారు.

ఇప్పటికీ ఆ గీత వంకరగానే ఉంది. నవ్వేవాళ్లు లేరు. అక్కడ పక్కకు వేసే అడుగును తవిటయ్య అడుగంటారు. ఎవరు గెలవాలన్నా, ఏ కాలేజీ పిల్లయినా, ఆ అడుగు వెయ్యాల్సిందే. వేస్తూ "అన్నా" అని ఒక్కసారి పిలవాల్సిందే. అంతసేపూ అరిచే జనం అప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి ఊరుకుంటారు, కిందనుంచి ఎవరైనా పలుకుతారేమోనని.