సూపు సీను

ఫోనులో అరిచి అరిచి డీట్మార్ గొంతు పోయింది. అవతల ఉన్నది అనీక, అతను నిర్మిస్తున్న కొత్త సినిమాకి డైరెక్టరు. ఎంత చెప్పినా ఒక్క మెట్టు దిగదే! "ఆ సీను తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి" అని ఠపీమని పెట్టేసింది. పొద్దున్న పంపిణీదారుడు ఇంకో మాట అన్నాడు. ఆ సీను ఉంటే సినిమా తాను తీసుకోడట. ఇద్దరి మధ్యా నలిగిపోయి, ఖర్మరా బాబూ అనుకుంటూ, తనకి ఈ పనిలో ఓనమాలు దిద్దించిన ముసలాయన ఇంటికి కారు తోలాడు.

ఆ ముసలాయన పేరు హాలర్. యుద్ధం అయిపోయిన కొత్తల్లో మ్యూనిక్ వీధుల్లో సైకిలు మీద ఈ థియేటరు నుంచి ఆ థియేటరుకి రీళ్ళు మోసినవాడు. తర్వాత తానే సినిమాలు తీశాడు. కొండల మీద ఆవులు కాసుకునే పిల్లల ప్రేమకథలు తీసి బాగుపడ్డాడు, రాజుల కథ తీసి దివాళా తీశాడు, మళ్ళీ లేచాడు. పెళ్ళయిన మర్నాడే షూటింగుకి వెళ్ళిపోయాడని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఇప్పుడు అవన్నీ మానేసి పెరట్లో టమాటాలు పెంచుకుంటున్నాడు. డీట్మార్ ఆయన దగ్గర డ్రైవరుగా చేరి, చూసి చూసి నిర్మాత అయినవాడు.

"ఏమైంది? మొహం అలా వేలాడేసుకొచ్చావేం?" అన్నాడు హాలర్.

"ఏం చెప్పమంటారు హాలర్ గారూ! ఒక ముసలావిడ మొగుణ్ణి పాతిపెట్టి ఇంటికొస్తుంది. వంటింట్లో కూర్చుని సూపు తాగుతుంది. అంతే! మాట లేదు, సంగీతం లేదు. తాగుతుంది, తాగుతుంది, తాగుతూనే ఉంటుంది. జనం లేచిపోరూ? అనీకకి మీరంటే గౌరవం. తీసెయ్యమని మీరొక్క మాట చెప్పండి. లేదంటే ఈ సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. దాంతోపాటు నేనూ మునుగుతాను."

"చూడకుండా ఎలా చెప్పను? పద" అన్నాడు హాలర్.

స్టూడియోలో చిన్న ప్రివ్యూ హాలు. ఆ మధ్యాహ్నం వీళ్ళిద్దరే. డీట్మార్ కుర్చీలో కూర్చున్నాడు. హాలర్ ఎక్కణ్ణించో ఒక స్టూలు లాక్కొచ్చి, తెరకి వీపు పెట్టి, సరిగ్గా డీట్మార్ ఎదురుగా వేసుకున్నాడు.

"అదేంటండీ! తెర అటుంది."

"తెలుసులే. నువ్వు కానివ్వు."

దీపాలు ఆరాయి. విడుదల కాని సినిమా చూసేటప్పుడు నిర్మాతలందరికీ ఉండే జబ్బే డీట్మార్‌కీ ఉంది. నోరు ఊరుకోదు. "ఇదిగో, ఇక్కడ నడక ఎక్కువైంది, సగం కోసెయ్యాలి. ఈ పాస్టరు గొంతేమిటి, పిల్లి గొంతులా! ఎవరు తెచ్చారు వీణ్ణి? అయ్యో, వాన చాల్లేదు." అంతసేపూ ముసలాయన కళ్ళార్పకుండా తననే చూస్తుంటే డీట్మార్‌కి ఒళ్ళు మండుకొచ్చింది.

"మీరు చూడాల్సింది నన్ను కాదు మహానుభావా!"

"కానివ్వు" అన్నాడు హాలర్.

తెర మీద ముసలావిడ నల్లకోటు విప్పకుండానే పొయ్యి వెలిగించింది. అలవాటు కొద్దీ సూపు పోసుకునే గుంట పళ్ళేలు రెండు తీసింది. ఒకటి మళ్ళీ అలమరలో పెట్టబోయి, చెయ్యి రాక, బల్ల మీదే పెట్టి అందులోనూ సూపు వడ్డించింది. తన పళ్ళెం ఖాళీ చేసింది. కాస్సేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఎదుటి పళ్ళెం తన ముందుకి లాక్కుని, చల్లారిపోయిన ఆ సూపు కూడా మెల్లగా తాగింది. చెంచా పళ్ళేనికి తగిలే చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ వినపడలేదు.

ఆ తర్వాత రైల్వే స్టేషను వచ్చింది.

"ఇంత జనాన్ని ఎందుకు పెట్టినట్టు ఇక్కడ? దండగ!" అన్నాడు డీట్మార్. అలా సినిమా అయిపోయేదాకా అంటూనే ఉన్నాడు.

దీపాలు వెలిగాయి. "చూశారుగా ఆ సూపు గోల?"

"ఎక్కడ చూశాను? నేనటు తిరగనే లేదుగా."

డీట్మార్‌కి ఇక ఓపిక చచ్చిపోయింది. "పనులన్నీ మానుకుని మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది నా మొహం చూడ్డానికా? పంపిణీదారుడు సాయంత్రానికల్లా మాట చెప్పమన్నాడు. తియ్యమంటారా, ఉంచమంటారా? అదొక్కటి చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది!"

హాలర్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"సినిమా అంతా వాగుతూనే ఉన్నావు డీట్మార్. ఆ చెంచా చప్పుడు వినపడినంతసేపే నోరు మూసుకున్నావు."

డీట్మార్ లేచి, గోడకున్న ఫోను తీసి, అనీక నంబరు తిప్పాడు.