బిడ్డకు పడని పాలు

రామచయనులుగారిని ఏదైనా అడిగితే జవాబు తిన్నగా రాదు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు నృసింహం ఒక ఉదయం మూట కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"పొద్దున విన్న పాఠం మీద మధ్యాహ్నం ఇంకొకటి, అది ముగియకుండానే మరొకటి వల్లిస్తున్నాను. ఒక్కటీ నిలవడం లేదు. ఈ విద్య నాకు పడదేమో గురువుగారూ, సెలవిప్పించండి."

"రేపు వెళుదువుగాని. ఇవాళ ఆ వసారాలో కూర్చో," అన్నారాయన.

వసారా పక్కన పెరట్లో పసివాడికి నీళ్ళు పోసే వేళ అయింది. చయనులుగారి కూతురు సువర్చల పురిటికి వచ్చి ఉంది. బిడ్డకింకా నెల నిండలేదు. అమ్మమ్మ కామాక్షమ్మగారిది ఒకటే పద్ధతి. ముందు కడుపు నిండా పాలు పట్టిస్తే బిడ్డ ఏడవకుండా నీళ్ళు పోయించుకుంటాడు. అలాగే పట్టించి, కాళ్ళు చాపి, వాణ్ణి బోర్లా వేసుకుని వీపు రుద్దారు. తాగినవన్నీ ఆవిడ కాళ్ళ మీదికే వచ్చేశాయి. కడుపు ఖాళీ అయిందని వెంటనే మళ్ళీ పట్టించమన్నారు. వాడు మళ్ళీ కక్కాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. దిష్టి పోయిందేమో గాని కక్కడం ఆగలేదు.

"నీ పాలు వీడికి పడటం లేదే. రేపటినుంచి డబ్బాపాలే," అని ఆవిడ తేల్చేశారు.

సువర్చలకి దుఃఖం పొంగుకొచ్చింది, అయినా ఏడవలేదు. "నా పాలు మానిపించనమ్మా. రేపు నీళ్ళు ముందు, పాలు తరవాత. నా పద్ధతి కూడా ఒకసారి చూడు."

మర్నాడు అలాగే చేసింది. బిడ్డ నోరు తిప్పుకోగానే ఆపేసింది. "ఇంకో గుక్క పట్టవే," అని తల్లి పోరినా వినలేదు. వాణ్ణి నిలువుగా భుజాన వేసుకుని, వీపు నిమురుతూ పెరడంతా తిరిగింది. చాలాసేపటికి బ్రేవుమని త్రేన్పు వచ్చింది. అప్పుడూ దించలేదు. ఇంకా కాసేపు తిరిగాక ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టింది. పెదవి చివర కాసిని పాలు కారాయి.

"చూశావా, మళ్ళీ!" అన్నారు కామాక్షమ్మగారు.

"ఈపాటి అందరు పిల్లలూ కక్కుతారమ్మా. ఆస్పత్రి నర్సమ్మ తూచి చూసింది, బరువు పెరుగుతున్నాడు. ఆకుపచ్చగా కక్కినా, నెత్తుటి జీర కనబడినా, చిమ్మినట్టు వచ్చినా డాక్టరు దగ్గరికి పరిగెడదాం. ఈ కాస్తకే భయపడి పాలు మానిపించను," అంటూ సువర్చల కొంగుతో తుడిచేసింది. ఆవిడ గొణుక్కుంటూనే పాల డబ్బా అటకెక్కించారు.

రెండు రోజులూ వసారాలోంచి ఇదంతా చూసిన నృసింహం లేచి గురువుగారి దగ్గరికి వచ్చాడు. మూట ఇంకా చేతిలోనే ఉంది.

"పాలలో దోషం లేదండీ," అన్నాడు మెల్లగా.

"ఆ మూట లోపల పెట్టు," అన్నారు చయనులుగారు. "ఇవాళ కొత్త పాఠం లేదు. మొన్న విన్నదాన్నే భుజాన వేసుకుని, కాసేపు పెరట్లో తిరిగిరా."