సరిహద్దు రాయి చుట్టూ గానుగెద్దు

నాకొక సుగుణం ఉంది. దారి అడిగినవాళ్ళను నేనెప్పుడూ వట్టి చేతులతో పంపను. తెలిసిన దారైతే చెప్తాను. తెలియని దారైతే ఇంకొంచెం వివరంగా చెప్తాను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని గొప్పలకు పోవడం అంటారు. నేను పరోపకారం అంటాను. అందుకే ఈ కథలో వచ్చే నక్కను చూస్తే నాకు దూరపు చుట్టాన్ని చూసినట్టుంటుంది. అయినా పక్షపాతం లేకుండానే చెప్తాను.

అనంతపురం జిల్లా చివర్న, కర్ణాటక సరిహద్దుకు ఒక పూట నడకలో గుమ్మనపల్లె. అక్కడ గానుగ ఈరన్న దగ్గర మైలోడనే బూడిదరంగు ఎద్దు ఉండేవాడు. వయసంతా గానుగకే పెట్టాడు. కళ్ళకు గంతలు, మెడలో గంట, రోలు చుట్టూ నడక. శెనక్కాయలు నూనె అయ్యేవి, పొద్దు కాస్తా సాయంత్రం అయ్యేది, మైలోడు మాత్రం బయల్దేరిన చోటే ఉండేవాడు. ఆ ఏడు ఈరన్న కరెంటు గానుగ తెచ్చాడు. మైలోణ్ణి సంతకు తోలలేదు. వీపు నిమిరి, "చేసింది చాల్లేరా, ఇంక తిని కూర్చో" అన్నాడు.

తిని కూర్చోవడం ఎంత కష్టమో తిని కూర్చున్నవాళ్ళకే తెలుసు.

మైలోడి కొట్టం పక్కనే కోళ్ళ గూడు. గూటి తలుపు ఊడిపోయి చాలా కాలమైంది. ఈరన్న బిగించలేదు, అవసరం రాలేదు. పొద్దు గుంకేసరికి కోళ్ళు లోపలికి పోయేవి, మైలోడు వచ్చి ఆ సందుకు వీపు ఆనించి పడుకునేవాడు. తలుపు, గడియ, తాళం అన్నీ ఆ వీపే. ఊరవతల గుట్టలో ఉండే జిత్తప్ప అనే నక్క ఆ తాళాన్ని చూసి ఎన్నోసార్లు చొంగ మింగుకుని వెళ్ళిపోయింది. తాళం పగలగొట్టడం చేతగానప్పుడు తాళాన్నే ఊరు దాటించేస్తే సరిపోతుందని దానికి ఒకరోజు తట్టింది.

తెల్లవారగానే వచ్చి, కొట్టం బయట మర్యాదగా తోక చుట్టుకుని కూర్చుంది.

"మామా, విశ్రాంతి ఎట్ల నడుస్తాంది?"

"నడవడంలా, కూర్చోనుంది" అన్నాడు మైలోడు.

"ఈడ కూర్చుంటే ఏమొస్తాది? ఎండకు రాళ్ళే పగిలిపోతాండాయి. రిటైరైన తెలివైనోళ్ళంతా సరిహద్దు దాటుకుంటాండారు. అవతల చల్లగాలి. గడ్డి మోకాలెత్తు. పశువులాసుపత్రిలో సూది కూడా బతిమాలి గుచ్చుతారంట."

మైలోడి చెవులు రెండూ లేచి నిలబడ్డాయి. వాడికి ఏ సంగతైనా నాలుగు వైపుల నుంచీ వాసన చూడనిదే మింగుడు పడదు.

"గడ్డి ఏ మోకాలెత్తు? నా మోకాలా, నీ మోకాలా?"

నక్క తోక సర్దుకుంది. "నీదే మామా. నా మోకాలితో గడ్డి కొలిచేదెవరు?"

"ఆడి ఈగలు తోకతో కొడితే పోతాయా, కన్నడంలో చెప్పాల్నా?"

"ఆడ ఈగలే లేవు."

"ఈగలు లేకుంటే నేను తోకతో ఏం చేసుకోవాల?"

నక్క నోరు తెరిచేలోపల, పేడకుప్ప మీద గింజలు ఏరుకుంటున్న ముసలి పెట్ట నాగులమ్మ మెడ ఎత్తింది. గూట్లో ఉన్న పిల్లలూ మనవరాళ్ళూ అంతా ఈమె సంతానమే.

"మామా, పొరుగింటి పుల్లకూర ఎవరికైనా రుచే. నీ చెవి వెనక గోమారి పురుగులు ఏరే కాకి నీ వెంట వస్తాదా? ఆడ కొత్త కాకి. నీ చెవి యాడ నొప్పో, యాడ దురదో దానికి తెలిసేసరికి నీకు చెవులుండవు."

"గూడు దాటని ముసలమ్మకు లోకం ఏం తెలుసు మామా" అంది నక్క.

"లోకం తెలీదులే జిత్తప్పా, నువ్వు తెలుసు. అంత తెలిస్తే చాలు."

మైలోడు నెమరు ఆపాడు. ఎద్దు నెమరు ఆపిందంటే మాట లోపలి నుంచి వస్తోందని అర్థం.

"నాగులమ్మా, నేను నడిచిన నడకంతా తిన్నగా పరిస్తే కాశీకి పోయి వచ్చేంత ఉంటాది. అంత నడిచి నేను చూసిందేంది? గంతల లోపలి చీకటి. తిన్నగా పోతే ఏముంటాదో ఒక్కసారి చూడాలని ఉంది. అంతే."

పెట్ట ఒక గింజ ముక్కున పట్టింది. 'నువ్వు పోతే నా పిల్లలకు తలుపెవరు' అనే ప్రశ్న ముక్కు చివరి దాకా వచ్చింది. జన్మంతా ఒకరి కోసం తిరిగినవాణ్ణి ఇంకొకరి కోసం కూర్చోమనడం ఏం బాగుంటుందని, దాన్ని గింజతో పాటు మింగేసింది.

మర్నాడు పొద్దున్నే మైలోడు పడమటి దిక్కుకు బయల్దేరాడు. నక్క గుట్ట మీద నుంచి చూసి, ఆకలి ఎక్కువ కావడానికి ఒళ్ళు విరుచుకుంది. మధ్యాహ్నం గూటి దగ్గరికి వచ్చేసరికి, తూర్పు వైపు నుంచి గంట మోగుతూ మైలోడే ఎదురొచ్చాడు.

"ఏం మామా, ఏమైనా మర్చిపోయినావా?" అంది నక్క, మొహం వేలాడేసి.

"లేదప్పా. తిన్నగానే నడిచినా. ఊరే వచ్చి ఎదురుగా నిలబడింది."

"పాపం, ఊరికి నువ్వంటే అంత ఇష్టం" అంది నాగులమ్మ.

జన్మంతా గుండ్రంగా నడిచిన కాళ్ళు గంతలు తీసినంత మాత్రాన తిన్నబడవు. వాటికవే కొంచెం ఎడమకు, ఇంకొంచెం ఎడమకు ఒరిగి, చెరువు కట్ట చుట్టి ఇంటికి చేర్చేశాయి. ఆ మర్నాడూ ఇదే తంతు. మూడో రోజుకు నక్కకు ఓపిక అయిపోయింది.

"ఇట్లయితే ఈ జన్మకు నువ్వు సరిహద్దు చూడవు. రేపు నేనే పట్టుకుపోతా" అంది.

మర్నాడు ఈరన్న కొట్టంలో వేలాడుతున్న పొడుగాటి పగ్గం తెచ్చి, ఒక కొస మైలోడి మెడకు జారుముడి వేసింది. రెండో కొస నోట కరుచుకుంటే పోయేది. కానీ నక్కకు నోరు ఖాళీ లేకపోతే ఊపిరాడదు. దారి పొడుగునా పొరుగు రాష్ట్రాన్ని పొగడాలి కదా. అందుకని ఆ కొసను తన నడుముకే చుట్టుకుని, జారిపోకుండా గట్టి ముడి బిగించుకుంది.

"నేనూ వస్తాండా, రాయి దాకా" అంటూ నాగులమ్మ మైలోడి మూపురం ఎక్కి కూర్చుంది. "మోకాలెత్తు గడ్డి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. పొద్దుండంగానే వెనక్కొస్తా."

నక్క లోపల లోపల లెక్క వేసుకుంది. ఎద్దును అవతలికి నెట్టేస్తే, ముసలి పెట్ట దారిలో ఫలహారం. గూట్లో భోజనం.

దారంతా నక్క మాట ఆపలేదు. అక్కడి తెలగపిండి ముద్దలు ఎంత మెత్తగా ఉంటాయో, అక్కడి వాన ఎట్లా అడిగి కురుస్తుందో చెప్తూనే ఉంది. ఎద్దు ఎడమకు ఒరిగినప్పుడల్లా నడుముతో కుడికి లాగుతూనే ఉంది. నక్క ఎక్కడ, ఎద్దు బరువెక్కడ. సరిహద్దు చేరేసరికి దాని నాలుక గడ్డం దాటింది.

అక్కడ ఒక పాత రాయి. ఇటువైపు తెలుగు అక్షరాలు, అటువైపు కన్నడ అక్షరాలు. రాయి చుట్టూ రెండు వైపులా గిట్టెత్తు గడ్డి.

మైలోడు ఇటూ అటూ చూశాడు. "జిత్తప్పా, అవతల గడ్డి మోకాలెత్తు అంటివే?"

"ఈ అంచున అట్లే ఉంటాది. లోపలికి పోతే పెరుగుతాది. దాటు మామా, దాటు" అంటూ నక్క రాయికి వీపు ఆనించి కూలబడింది. కడుపులో ఆకలి, కళ్ళలో నిద్ర. కళ్ళు మూసుకుంటే కోళ్ళే కనిపిస్తున్నాయి.

"రుచి చూడకుండా ఎట్ల దాటేది?" అన్నాడు మైలోడు.

ఇటువైపు ఒక నోరు మేశాడు. అటువైపు పోయి ఒక నోరు మేశాడు. అటుది నమిలేసరికి ఇటుది ఎట్లా ఉందో మరిచిపోయాడు. మళ్ళీ ఇటు వచ్చాడు. రాయి చుట్టూ తిరుగుతుంటే కాళ్ళకు పాత చుట్టరికం గుర్తొచ్చింది. గంతలు లేకపోయినా కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. మెడలో గంట పాత లయలో మోగసాగింది. ఇటో నోరు, అటో నోరు. చుట్టు వెనక చుట్టు.

నక్కకు మెలకువ వచ్చేసరికి పగ్గం దాని నడుము నుంచి భుజాల దాకా రాయికి చుట్టుకుని ఉంది. తల కర్ణాటకలో ఉంది, తోక ఆంధ్రాలో ఉంది.

"మామా, నిలబడు మామా."

"ఉండప్పా. ఇప్పుడిప్పుడే రుచి తెలుస్తాంది."

పగ్గం అయిపోయి మెడ పట్టేసినప్పుడు గానీ మైలోడు ఆగలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా, అవతలి వైపు నుంచి ఒక ముసలి బర్రె వస్తోంది. రాయి దగ్గర ఆగి రొప్పింది.

"ఏనణ్ణా, ఆంధ్రాకు ఇదే దారేనా? నా పేరు కెంపమ్మ."

"ఇదేనమ్మా. ఏం పని మీద?"

"పనేముందణ్ణా. పాలు ఎండిపోయినాయి. ఇంక మిగిలిన కాలం గడపాల. మీ తట్టు చల్లగాలంట గదా. గడ్డి మోకాలెత్తంట."

మైలోడు నాగులమ్మ వైపు చూశాడు. నాగులమ్మ మైలోడి వైపు చూసింది.

"ఎవరి మోకాలెత్తమ్మా?" అన్నాడు మైలోడు.

"అడగలేదణ్ణా. అడగాల్నా?"

"ఎవరు చెప్పినారు?"

"మా ఊరి నక్క. చానా మర్యాదస్తురాలు. నా కోసం రోజూ వచ్చి కూర్చుని చెప్పేది."

మైలోడు నెమరు ఆపాడు. "అమ్మా, ఇంకొక్క మాట అడుగుతా. మీ ఇంట్లో నువ్వు పండుకునేది యాడ?"

"మేకపిల్లల దొడ్డి దగ్గర. కంపకు ఒక చోట కంత ఉంది. ఆ కంతకు అడ్డంగా పండుకుంటా. నాకు అలవాటైపోయింది."

నాగులమ్మ మూపురం మీదే లేచి నిలబడింది. మైలోడు మెల్లగా నక్క వైపు తిరిగాడు. వాడికి కోపం రావడం ఎవరూ చూడలేదు. అప్పుడు కూడా రాలేదు. తెలుసుకోవాలన్న కుతూహలమే వచ్చింది.

"జిత్తప్పా, ఈ సాయంత్రం నా చోట్లో ఎవరు పండుకుంటారు?"

నక్క పగ్గంలో మెలికలు తిరిగింది. "ఎవరో ఒకరు... గాలి వస్తాదిలే మామా. ఎండాకాలం గదా, కోళ్ళకు గాలి మంచిది."

"గాలికి పండ్లుంటాయా?" అంది నాగులమ్మ.

కెంపమ్మకు విషయం తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక అక్కడ నిలబడలేదు. బర్రెకు పరుగు రాదంటారు. వెనక్కి తిరిగిన కెంపమ్మను చూసుంటే ఆ మాట ఎవరూ అనరు. పోతూ పోతూ, "అణ్ణా, సోమవారం సంతనాడు ఈడికి వస్తా. మీ గడ్డి రుచి చూడనే లేదు" అని కేక వేసింది.

"రామ్మా. నాకూ ఇంకా తేలలేదు" అన్నాడు మైలోడు.

నాగులమ్మ మైలోడి మెడ దగ్గరి జారుముడిని ముక్కుతో లాగింది. అది ఇట్టే ఊడింది. తిరిగే తొందరలో మైలోడి గిట్ట నక్క తోక మీద పడింది.

"తొక్కినావు మామా, నక్క తోక" అంది నాగులమ్మ. "ఇంక నీకన్నీ మంచి రోజులే."

"నన్ను విప్పు మామా" అని నక్క ఏడుపు మొహం పెట్టింది. "ముడి విప్పి పో. ఇంత దూరం నిన్ను తీసుకొచ్చినా."

"నీ ముడి నువ్వే వేసుకున్నావప్పా. నాకు చేతులుంటే గదా" అన్నాడు మైలోడు.

పొద్దు వాలుతోంది. గూట్లో పిల్లలు తలుపు కోసం చూస్తుంటాయి. నాగులమ్మ కంగారు పడింది. "దారి తెలుసునా మామా?"

"దారితో మనకేం పని? నేను తిన్నగా పోవాలనుకుంటే చాలు, మనూరే వచ్చి నిలబడతాది."

అలాగే వచ్చింది. పొద్దు గుంకే వేళకు ఆ వీపు వచ్చి ఆ సందుకు ఆనుకుంది. ఆ తర్వాత మైలోడు సోమవారాలు రాయి దాకా పోయి రావడం మొదలుపెట్టాడు. ఊరు మారలేదు గానీ ఊరు చూడటం మానలేదు. నాగులమ్మ మూపురం మీద ఉండి, కుడికి ఒరగాల్సినప్పుడు కుడి చెవిని పొడిచేది.

అక్కడ నక్క అరుపులకు రెండు వైపుల ఊరకుక్కలూ వచ్చాయి. ఇటు కుక్కలు తల అవతల ఉంది కాబట్టి నేరస్థుడు మీవాడే, మీరే చూసుకోండి అన్నాయి. అటు కుక్కలు తోక ఇవతల ఉంది కాబట్టి మీవాడే అన్నాయి. మేమెందుకు కరవాలంటే మేమెందుకు కరవాలని వాదం ముదిరి, అవి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఆ గొడవలో నక్క పగ్గం కొరుక్కుని బయటపడింది. ఇప్పుడది రాష్ట్రం మారుదామని చూస్తోందట. కానీ ఎటు పోయినా దాని సలహా దానికంటే ముందే చేరిపోయింది, ఏ ఊళ్ళోకి అడుగుపెట్టినా కోడిపిల్ల కూడా, "గడ్డి ఎవరి మోకాలెత్తు?" అని అడుగుతోంది.

చోటు మారమని ఎవరైనా మరీ మరీ చెప్తుంటే, నువ్వు పోయే చోటు కాదు, నువ్వు ఖాళీ చేసే చోటు ఎవరికి కావాలో ముందు చూసుకో.

ఇంతకీ ఏ వైపు గడ్డి తీపి అంటారా? మైలోడూ కెంపమ్మా ఇంకా మేసి చూస్తూనే ఉన్నారు. నేనైతే ఆ రాయి దాకా కూడా పోలేదు. అయినా రేపు రిటైరైనాయన ఎవరైనా వచ్చి, "ఉండమంటావా, పొమ్మంటావా" అని అడిగితే, చెయ్యెత్తి ఏదో ఒక దిక్కు చూపించేస్తాను. ఈ వయసొచ్చినా, తెలియదు అనే ఒక్క మాట చెప్పడం నేనింకా నేర్చుకోలేదు.