పాత డిస్కుకి పెద్దపీట

మీ బడి గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందర్రా? అటెండరు దగ్గరేగా? హెడ్మాస్టరు వయసులో పెద్దాయన కదా అని, పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళి, "తాళంచెవి ఇవ్వండి సార్" అని చెయ్యి చాచుకుని నిలబడితే ఏమవుతుంది? బడి తెరుచుకోదు. అంతే. ఈ ముక్క మనసులో పెట్టుకుని వినండి, మధ్యలో మళ్ళీ అడుగుతాను.

కొత్తలంకలో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు గవర్రాజు, నడిమివాడు అబ్బులు, చివరివాడు బుల్లబ్బాయి. ఊళ్ళో ఉన్న ఒక్క శుభలేఖల ప్రెస్సూ వాళ్ళదే. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని వాళ్ళ నమ్మకం. ఎందుకంటే వాళ్ళింట్లో ఏ పనైనా వయసు వరస ప్రకారమే జరుగుతుంది. అన్నయ్య తినకుండా తమ్ముళ్ళు తినరు. అన్నయ్య లేవకుండా తమ్ముళ్ళు లేవరు. ఒకసారి గవర్రాజుకి జ్వరం వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటే, మిగతా ఇద్దరూ మెలకువ వచ్చి కూడా కళ్ళు మూసుకునే పడుకున్నారు. పాలవాడు గంట కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు.

ప్రెస్సులో ఒక కంప్యూటరు ఉంది. అందులో రెండు డిస్కులు. పక్క ఊళ్ళో రిపేరు షాపు నడిపే రజియా వాటిని బిగించింది. కొత్త డిస్కులో కంప్యూటరు నిద్ర లేవడానికి కావలసిన సరంజామా అంతా ఉంది. పాత డిస్కులో ఎప్పటివో వినాయకుడి బొమ్మలూ, అరటిచెట్ల బొమ్మలూ ఉన్నాయి, అంతే. పాతదానికి అసలు బోర్డులో చోటు లేకపోతే వేరే చిన్న కార్డు పెట్టి తగిలించింది. అంటే ఆ పెట్టెలో ఇద్దరు బంట్రోతులు ఉన్నారనుకోండి, కంట్రోలర్లంటారు వాళ్ళని. ఒక్కొక్కడికీ ఒక్కో డిస్కు, అదే వాడి బీరువా. స్విచ్చి వేయగానే కంప్యూటరుకి ఏమీ గుర్తుండదు, తన పేరు కూడా తెలియదు. "నా పుస్తకం ఎక్కడుందిరా?" అని మొదటి బంట్రోతుని అడుగుతుంది. వాడి బీరువాలో ఉంటే తెస్తాడు. లేకపోతే రెండోవాణ్ణి అడుగుతుంది. కొత్త డిస్కు ముందు, పాతది వెనక అని రజియా వరస పెట్టి, దాన్ని కదపొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

స్విచ్చి వేయగానే ఒక మీట నొక్కితే వచ్చే నీలం తెర మీద ఆ వరస ఒకరోజు గవర్రాజు కంట పడింది. ఆయన ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్ళు మన ప్రెస్సుకి సేవ చేసిన డిస్కు, నిన్నగాక మొన్న వచ్చినదాని వెనక నిలబడటమేమిటని బాధపడ్డాడు. మీటలు నొక్కడం వచ్చినవాడు బుల్లబ్బాయి ఒక్కడే. వాడు పాతదాన్ని పైకి తెచ్చాడు. అక్కడితో ఆగితే కథే లేదు. అబ్బులు బాగా ఆలోచించి, పెద్దవాణ్ణి అడిగాక మళ్ళీ చిన్నవాణ్ణి అడిగితే పెద్దవాడి మాట నమ్మనట్టు కాదా అన్నాడు. నిజమేనని ముగ్గురూ ఒప్పుకుని కొత్తదాన్ని వరసలోంచే తీసేశారు.

ఇప్పుడు చెప్పండి, కంప్యూటరు లేస్తుందా? ఆఁ, లేవదు. తాళంచెవి అటెండరు దగ్గరుంటే హెడ్మాస్టరుని అడుగుతోంది.

ఇంకేముంది, తెర నల్లబడింది. లేపే డిస్కు దొరకలేదు, ఏదో ఒక మీట నొక్కమని నాలుగు తెల్లక్షరాలు మాత్రం వచ్చాయి. అన్నయ్య ఒకటి నొక్కాడు, అబ్బులు ఒకటి, బుల్లబ్బాయి ఒకటి. మళ్ళీ అవే అక్షరాలు. ఒకటే నొక్కమంటే ముగ్గురం మూడు నొక్కాం, దానికి కోపం వచ్చిందని అబ్బులు తేల్చాడు.

సరిగ్గా ఆ రోజే ముత్యాలరావు మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన కూతురు హైమవతి పెళ్ళి. మగపెళ్ళివారు పట్టింపుల మనుషులు. పసుపు రాసిన తొలి శుభలేఖ ఆ రోజు దీపాలవేళకి వాళ్ళ చేతిలో పడాలి, పడకపోతే అవమానం చేశారని కూర్చుంటారు. వాళ్ళ ఊరికి నాలుగు గంటల బస్సు తప్పితే ఇంకో బస్సు లేదు. శుభలేఖ చూస్తే కంప్యూటరులో ఉంది. మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుని అరుగు మీద కూలబడ్డారు.

గవర్రాజు రజియాకి ఫోన్ చేశాడు. ఏం మార్చారని ఆమె మొదటే అడిగింది.

"ఏమీ మార్చలేదమ్మా. మర్యాద చేశాం," అన్నాడు గవర్రాజు.

ఆమెకేం అర్థమవుతుంది? చేతిలో వేరే పని ఉంది. అక్కర్లేనివన్నీ తీసేసి, ఒక్కొక్కటే పెట్టి చూడమంది.

అంతే. ముగ్గురూ గదిలోంచి కుర్చీ మోశారు, గడియారం మోశారు, క్యాలెండరు మోశారు, మూల పడుకున్న పిల్లిని మోశారు. ఇంకా అక్కర్లేనిది ఏముందా అని చూస్తే అబ్బులు కనిపించాడు. "నేను అక్కర్లేదా అన్నయ్యా?" అని దిగాలుగా అడిగి, తనే వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. తరవాత ఒక్కొక్కటే తెచ్చి స్విచ్చి వేశారు. గడియారం తెచ్చారు, లేవలేదు. కుర్చీ తెచ్చారు, లేవలేదు. పిల్లిని తెస్తే అది గవర్రాజుని గీరి పారిపోయింది. అబ్బులుని తెచ్చేటప్పటికి వాడికి వడదెబ్బ తగిలేలా ఉంది.

మళ్ళీ ఫోను. గదిలోవి కాదు బాబాయ్, పెట్టెలోవి అని రజియా తల పట్టుకుంది. ఒక్క డిస్కు మాత్రం ఉంచి రెండోదాని వైరు పీకమంది. ఏది ఉంచుతారు? పెద్దదాన్నే. కంప్యూటరు లేవలేదు. ఏది ఉంచారని ఆమె అడిగితే, ఉండవలసినదాన్నే ఉంచామని గవర్రాజు ధీమాగా చెప్పాడు. వైరు మళ్ళీ తగిలించి, కరెంటు పూర్తిగా తీసేసి, కాసేపాగి వేయండి, ఈలోగా నేనే బస్సెక్కుతున్నానని ఆమె ఫోను పెట్టేసింది.

పూర్తిగా అన్నారుగా. అబ్బులు తమ ఇంటి మెయిను ఆపేసి, పక్కింటికి వెళ్ళి వాళ్ళని ఆపమన్నాడు. తరవాత ఎదురింటికి. అక్కడా వరసే: ముసలివాళ్ళున్న ఇళ్ళు ముందు, కుర్రకాపురాలు తరవాత. అంత మర్యాదగా అడిగితే కాదనలేక అందరూ ఆపారు. వీధి వీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. ఇడ్లీ కొట్లో గ్రైండరు సగం రుబ్బి నిలిచిపోయింది. ఇంకేముంది, విసనకర్రలు పట్టుకుని వీధి మొత్తం ప్రెస్సు ముందు పోగయింది. మాస్టారు మాత్రం బస్సు వచ్చే వైపే చూస్తున్నారు.

ఆ గుంపులోంచి దారి చేసుకుని రజియా లోపలికి వచ్చింది. అందరి చేతా మెయిన్లు వేయించి, స్విచ్చి వేసి, నీలం తెర తెరిచి వరస చూసింది. కొత్త డిస్కుని మొదట పెట్టింది. కంప్యూటరు ఆవులించి లేచినట్టు లేచింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

గవర్రాజు మొహం మాత్రం వాడిపోయింది. పెద్దదాన్ని మళ్ళీ వెనక్కి నెట్టారే అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రజియాకి జాలేసింది.

"పెద్దవాళ్ళకి మర్యాద చేయాలనుంటే ఇంకెక్కడైనా చెయ్యి బాబాయ్. ఇక్కడ మాత్రం వద్దు," అంది. అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంకెక్కడైనా. గవర్రాజు ఆ మాట నోట్లో చప్పరిస్తూ శుభలేఖ తెరిచాడు. చూస్తే ఏముంది? హైమవతి పేరూ, పెళ్ళికొడుకు చిదంబరం పేరూ పైన పెద్దక్షరాల్లో ఉన్నాయి. తొంభై దాటిన హైమవతి తాతమ్మ వెంకాయమ్మ పేరు ఎక్కడో అడుగున, ఆశీస్సుల దగ్గర నలిగిపోతోంది. పక్కనే పెళ్ళికొడుకు తాతయ్య పేరయ్యగారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే. చకచకా సర్దేసి, అచ్చేసి, కట్ట కట్టి ఇచ్చారు. మాస్టారు చదివి చూసుకునే వ్యవధి ఎక్కడిది? కట్ట చంకలో పెట్టుకుని పరిగెత్తి బస్సందుకున్నారు.

దీపాలవేళకి మగపెళ్ళివారింట్లో అందరూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు తల్లి శుభలేఖ పైకి చదివింది. చి.ల.సౌ. వెంకాయమ్మను చి. పేరయ్యకిచ్చి వివాహం చేయ నిశ్చయించామనీ, హైమవతి, చిదంబరంల ఆశీస్సులతో అందరూ రావాలనీ ఉంది. మాస్టారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరూ పేరయ్యగారి వైపు చూశారు. ఆ ఇంట్లో పట్టింపులన్నీ ఆయనవే మరి.

పేరయ్యగారు మీసం సవరించుకున్నారు. "సంబంధం బాగానే ఉంది. పిల్ల మెత్తగా వండుతుందా? నాకు పళ్ళు లేవు," అన్నారు.

ఇల్లు నవ్వుతో ఊగిపోయింది. మాస్టారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

మర్నాడు ఆయన ప్రెస్సుకి వెళ్ళి నిలదీస్తే, ముహూర్తంలో అక్షరం మార్చలేదండీ, వరస ఒక్కటే సరిచేశామని గవర్రాజు గర్వంగా చెప్పాడు. ఏం చేస్తారు, మిగతావాళ్ళకి పంచాల్సిన శుభలేఖలు మళ్ళీ అచ్చేయించి, అక్షరం అక్షరం చదువుకుని తీసుకెళ్ళారు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. హైమవతి మెడలో చిదంబరమే తాళి కట్టాడు. బాజాలు మోగగానే అందరూ వాళ్ళ మీద అక్షింతలు వేశారు. అన్నదమ్ములు ముగ్గురు మాత్రం వయసు వరసలో నడుచుకుంటూ మూల కుర్చీలో కునుకు తీస్తున్న వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె నెత్తిన అక్షింతలు పోసి, పట్టుచీర చేతిలో పెట్టి దండం పెట్టారు.

తాతమ్మ ఉలిక్కిపడి లేచింది. చీర చూసుకుంది, నెత్తి తడుముకుంది.

"ఇంతసేపు కూర్చోబెట్టారు. ఇంతకీ కుర్రాడేడర్రా?" అంది.

సరే, నవ్వింది చాలు. డాబా మీద వడియాలు సగమే పెట్టి దిగాను, పిండి పులిసిపోతుంది. మీరూ వస్తారా? పెద్దవాళ్ళు ముందని తోసుకోకండి. ఎవరి చేతులు శుభ్రంగా ఉంటే వాళ్ళు ముందు రండి.