చెంచురామయ్య కొన్న పసుపు

దుగ్గిరాల పసుపు యార్డులో, చనిపోయిన భర్త దుకాణాన్ని నడుపుతున్న సామ్రాజ్యానికి పట్టుదల ఎంత ఉన్నా, సరుకు ఎంచడంలో తన చేతి మీద తనకు నమ్మకం ఉండేది కాదు. ఏది కొనాలన్నా ఆమె ముందుగా చెంచురామయ్య వైపు చూసేది. ఆయన నలభై ఏళ్లుగా పసుపు కొంటున్న పెద్ద వ్యాపారి. ఆయన ఏ రైతు సరుకు కొంటే, ఆ రైతు దగ్గర మిగిలిన బస్తాలను ఆమె కొనేది.

"తెలిసినవాళ్లు పెట్టే డబ్బును ఇంగ్లీషులో 'స్మార్ట్ మనీ' అంటారట. టీవీలో చెప్పారు. అది ఎటు పోతే మనమూ అటే పోవాలట" అని ఆమె ఒకరోజు హమాలీ మేస్త్రి యేసోబుతో అంది.

"అలాగే పోదాం అమ్మగారూ. ఒక్క బస్తా అయినా విప్పి చూడరా?"

"ఆయన చూశాడుగా!"

"అయితే రేపు ఆయన కళ్లద్దాలు కూడా అడిగి పెట్టుకోండి" అని యేసోబు నవ్వాడు.

ఆ వేసవిలో బావగారు వచ్చాడు. దుకాణం అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. "ఈ సీజనులో పెట్టుబడి పోగొట్టావంటే దుకాణం అమ్మేద్దాం అమ్మా. బోర్డు మీద తమ్ముడి పేరుందని ఎన్నాళ్లు చూస్తూ కూర్చుంటాం?" అన్నాడు.

"పోనివ్వను బావగారూ" అంది సామ్రాజ్యం.

మర్నాడే చెంచురామయ్య ఒక రైతు దగ్గర నూట ఇరవై బస్తాలు తక్కువ ధరకు కొన్నాడు. మిగిలిన ఎనభై బస్తాలను ఆమె ఉన్న డబ్బంతా పెట్టి కొంది. ధర పెరిగేదాకా ఉంచుదామని గోడౌన్‌లో పేర్పించి తాళం వేసింది. నెల తిరగకముందే లోపలినుంచి ముక్కిపోయిన వాసన వచ్చింది. బస్తాలు విప్పితే బూజు!

ఆమె గుప్పెడు కొమ్ములు పట్టుకుని చెంచురామయ్య దగ్గరకు పరుగెత్తింది. "బాబాయి గారూ, ఇది మీరు కొన్న సరుకే కదా! మీది ఎలా ఉంది?"

"నా దగ్గర ఇంకా ఎక్కడుందమ్మా? కొమ్ము విరవబోతే వంగింది. సరిగా ఆరలేదని అప్పుడే తెలిసింది. అందుకే ధర తగ్గించి అడిగాను. నాకు కళ్లం ఉంది, మిల్లు ఉంది. వారం ఎండబెట్టి పొడి కొట్టించి పంపేశాను. నువ్వు నిలవ పెట్టావా?"

"నాకు చెప్పలేదేం?"

"ఎందుకు కొన్నావని నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

సామ్రాజ్యం తిరిగి వచ్చి, బస్తాలన్నీ కుమ్మరించి, ఇద్దరు ఆడవాళ్లను తోడు పెట్టుకుని కొమ్ముకొమ్మూ ఏరింది. బూజు పట్టినది పారబోయగా యాభై ఒక్క బస్తాలు మిగిలాయి. అవి నష్టానికి పోయాయి.

బావగారు తాళంచెవి అడిగాడు.

"ఇంకొక్క సీజను ఇవ్వండి. ముప్పై బస్తాలకు డబ్బుంది. ఈసారి నా చేత్తో చూసి కొంటాను."

"అదీ పోతే?"

"తాళంచెవి నేనే తెచ్చి ఇస్తాను."

మరుసటి సీజనులో ఆమె ప్రతి బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, కొమ్ము తీసి విరిచి చూసేది. ఎనిమిది రోజులు ఏమీ కొనలేదు. "ఈవిడ కొనడానికి వచ్చిందా, కొమ్ములు విరవడానికి వచ్చిందా?" అని యార్డు నవ్వింది. తొమ్మిదో రోజున, ధర ఎక్కువని చెంచురామయ్య వదిలేసిన ముప్పై బస్తాలను కొంది.

"నేను వద్దనుకున్నది నువ్వు కొన్నావేమమ్మా?" అని ఆయన ఆశ్చర్యపోయాడు.

"మీరు పొడికి కొంటారు, నేను నిలవకు కొంటాను బాబాయి గారూ. దీంట్లో అడుగు కొమ్ము కూడా ఫెళ్లున విరిగింది."

దీపావళి నాటికి ఆ ముప్పై బస్తాలు మంచి ధరకు అమ్ముడయ్యాయి. బావగారు దుకాణం అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

తెలిసినవారు దేనిమీద డబ్బు పెట్టారో చూస్తే చాలదు. ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకుని, అది మనకు తగునో లేదో మనమే పరీక్షించుకోవాలి.